అంకెల వరుసలును లాటరీ ఆశయు

2025వ సంవత్సరము అక్టోబరు మాసాంతమున మా సంఘములోని ఒక తల్లి రెండు పుస్తకములు కొంగున చుట్టుకొని నా యొద్దకు వచ్చెను. ఒకటి అచ్చు పుస్తకము. నూరు పుటలకు మించదు. లాటరీలో రాబోవు అంకెలను వెనుకటి అంకెల వరుసలనుబట్టి ఎట్లు కనుగొనవలెనో అందులో బోధింపబడియున్నది. రెండవది ఆమె కుమారుని నోటు పుస్తకము. అతడు ఎమిరేట్సు దేశములో తాపీపని చేయుచున్నాడు. సెలవుమీద ఇంటికి వచ్చి, మరల వెళ్లునప్పుడు ఈ రెంటిని బీరువాపైన మరచి వెళ్లెను.

ఆ నోటు పుస్తకమును తెరచి చూచితిని. ఎఱ్ఱసిరాతోను నీలిసిరాతోను గళ్లు గీయబడినవి. గడిగడికి ఒక అంకె. కొన్ని అంకెల చుట్టు సున్నలు చుట్టబడినవి. ఒక పుటలో 23, 117, 305 అని వ్రాసి, వాటి క్రింద 5, 9, 8 అని కూడిక వేయబడియుండెను. ఆ మూడు సంఖ్యలను నేను వెంటనే గుర్తుపట్టితిని. అవి ఒక ఆదివారము మా మందిరములో పాడిన పాటల సంఖ్యలు. పలకమీద వ్రాసినది నా చేయియే.

“అయ్యగారూ, ప్రతి ఆదివారము ఆరాధన అయిన తరువాత వాడు ఫోను చేసి, ఈవేళ ఏయే పాటలు పాడిరి, నంబర్లు చెప్పుమమ్మా అని అడుగుచుండెను. నేను పలక చూచి చెప్పుచుంటిని. దూరదేశములో ఒంటరిగా ఉండి మనతో కలిసి పాడుకొనుచున్నాడని సంతోషించితిని” అని ఆ తల్లి చెప్పి, కొంగుతో కన్నులు తుడుచుకొనెను.

ఈ వ్యాసము ఆ కుమారుని దూషించుటకు వ్రాయలేదు. అతనితో ఫోనులో మాటలాడి, పేరు చెప్పకుండ వ్రాయుటకు అతని అనుమతి పొందితిని. నేను విమర్శింపదలచినది ఆ అచ్చు పుస్తకమును. దాని పేరు చెప్పుట అనవసరము. ఏలయనగా ఇట్టివి అనేకములున్నవి. ఇప్పుడు చేతిఫోనులలోను ఇదే బోధ వచ్చుచున్నది. పేర్లు వేరైనను బోధ ఒక్కటే.

పుస్తకములోని మేలు

విమర్శించువాడు మొదట మేలును ఒప్పుకొనవలెను. ఈ పుస్తకము సులభమైన మాటలతో వ్రాయబడినది. ఒక సత్యమును కూడ చెప్పుచున్నది. అనేకులు ఎన్నుకొను అంకెలను ఎన్నుకొనినయెడల, ఒకవేళ బహుమానము వచ్చినను దానిని అనేకులతో పంచుకొనవలసివచ్చును. ఇది నిజమే. ఇంగ్లండులో 1995 జనవరి 14న జరిగిన డ్రాలో 133 మందికి ఒకే ఆరు అంకెలు తగిలి, కోటి అరువది లక్షల పౌండ్ల బహుమానము వారందరికి పంచబడెను. ఫిలిప్పీన్సు దేశములో 2022 అక్టోబరు 1న 9, 18, 27, 36, 45, 54 అను తొమ్మిదవ ఎక్కము అంకెలే పడెను. 433 మంది పంచుకొనిరి.

అయితే ఈ సలహా ఏమి చేయగలదో గమనింపుడి. గెలిచినవాని పాలు పెరుగవచ్చును గాని గెలుచుట సులభము కాదు. పుస్తకము ఈ రెంటిని కలిపి చెప్పుచున్నది. ఒక్క సత్యమును వాకిట నిలిపి, దాని వెనుక అసత్యములన్నిటిని ఇంటిలోనికి తెచ్చుచున్నది.

ఆ ఆట యెంతటిది?

ఆ కుమారుడు ఆడిన లాటరీ 2024 డిసెంబరు 14న మొదటి డ్రాతో ఆరంభమాయెను. అప్పటి నియమము ప్రకారము 1 మొదలు 31 వరకు ఆరు దినసంఖ్యలను, 1 మొదలు 12 వరకు ఒక మాససంఖ్యను ఎన్నుకొనవలెను. దినములు, మాసములు అనగానే మనుష్యుడు తన పుట్టిన దినమును, తల్లి పుట్టిన మాసమును తలంచుకొనును గదా! టికెట్టు 50 దిర్హములు. పై బహుమానము పది కోట్ల దిర్హములు.

31 అంకెలలోనుండి ఆరింటిని ఎన్నుకొను విధములు 7,36,281. వాటిని పన్నెండు మాసములతో హెచ్చించినయెడల 88,35,372 వచ్చును. అన్ని విధములలో ఒక్కటే గెలుచును. ఒక కిలో బియ్యములో ఏబది వేల గింజలున్నవనుకొనుడి. ఇరువది అయిదు కిలోల బస్తాలు ఏడింటిని ఒక గచ్చుమీద కుమ్మరించి, ఒక్క గింజకు రంగు పూసి కలిపి, కన్నులకు గంతకట్టుకొని ఒక్కసారి చేయిపెట్టి ఆ గింజను తీయవలెను. ఆ ఆట అంతటిది. రెండు వారములకొక టికెట్టు చొప్పున ఒకడు కొనుచుండినయెడల, సగటున మూడు లక్షల నలుబది వేల సంవత్సరములకు ఒకసారి అతనికి పై బహుమానము తగులును.

“అయినను అయ్యగారూ, మన దేశస్థునికే వచ్చెను గదా” అని ఆ కుమారుడు నాతో అనెను. నిజమే, 2025 అక్టోబరు 18న ఆ పది కోట్లు ఒక భారతీయునికే వచ్చెను. లక్షలకొలది టికెట్లు అమ్ముడుపోవుచుండగా ఎప్పుడో ఒకనికి తగులుట వింత కాదు. అయితే ఆయన పట్టికలు వేసి గెలువలేదు. దినసంఖ్యల ఎన్నికను యంత్రమునకే విడిచిపెట్టితినని ఆయనే చెప్పినట్లు పత్రికలలో వచ్చెను. ఆ మాట చెప్పగా ఆ కుమారుడు కొంతసేపు మౌనముగా ఉండెను.

“రావలసిన అంకె”

పుస్తకములో మొదటి బోధ ఇది: చాలకాలము పడని అంకె ఇక పడక తప్పదు, కావున దానిమీద పందెము వేయుడి. ఈ మాట వినుటకు న్యాయముగా ఉన్నది. వాన చాలకాలము రాకపోయినయెడల ఇక వచ్చునని రైతు అనుకొనును గదా!

ఇటలీ దేశములో ఒక ప్రాచీనమైన లాటరీ కలదు. పట్టణమునకొక చక్రము, ప్రతి చక్రములో 90 అంకెలు, డ్రాకు అయిదు తీయుదురు. వెనిస్ పట్టణపు చక్రములో 53 అను అంకె 2003వ సంవత్సరము మే నెల తరువాత పడుట మానెను. వారములు గడచెను, నెలలు గడచెను. ఇక పడక తప్పదని ప్రజలు దానిమీద పందెములు పెంచుచుండిరి. ఇండ్లు తాకట్టు పెట్టిరి. సుమారు 350 కోట్ల యూరోలు ఆ ఒక్క అంకెమీద పోసిరని లెక్క చెప్పబడెను. కుటుంబముయొక్క నిలువ సొమ్మంతయు పోగొట్టి సముద్రములో పడి చనిపోయిన ఒక స్త్రీని గూర్చి పత్రికలు వ్రాసెను. 182 డ్రాలు గడచిన తరువాత 2005 ఫిబ్రవరి 9న ఆ అంకె పడెను. అప్పటికి అనేకుల చేతిలో పందెము వేయుటకు ఏమియు మిగులలేదు.

ఆ అంకె పడుటకు ప్రతి డ్రాలోను పదునెనిమిదింటిలో ఒక అవకాశము మాత్రమే కలదు. మొదటి దినమునను అంతే. నూట ఎనుబదియొకటవ డ్రా అయిన మరునాడును అంతే. బంతికి జ్ఞాపకము లేదు. నన్ను చాలకాలముగా తీయలేదని అది బాధపడదు. ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఈ పొరపాటును గూర్చియే 1814లో అచ్చయిన తన గ్రంథములో వ్రాసెను. అప్పటి ఫ్రెంచి లాటరీలో చాలకాలము పడని అంకెల వెంట జనులు పరుగెత్తుచుండిరి. రెండు వందల సంవత్సరములు దాటినను ఆ పరుగు ఆగలేదు.

“వేడిమీదనున్న అంకె”

రెండవ బోధ మొదటిదానికి సరిగా విరుద్ధము. తరచుగా పడుచున్న అంకె వేడిమీదనున్నది, కావున దానినే ఎన్నుకొనుడి అని ఇరువదవ పుట దాటకమునుపే చెప్పుచున్నాడు. పడనిది పడును; పడినది మరల పడును! ఏది పడినను పుస్తకమే గెలుచునట్లు వ్రాసికొనెను. ఎప్పుడును తప్పని ప్రవచనము ప్రవచనము కాదు.

బల్గేరియా దేశములో 2009 సెప్టెంబరు 6న 4, 15, 23, 24, 35, 42 పడెను. నాలుగు దినముల తరువాత జరిగిన మరుసటి డ్రాలో అవే ఆరును మరల పడెను. ప్రభుత్వము విచారణ చేయించెను, మోసమేమియు కనబడలేదు. మొదటిసారి ఆ అంకెలను ఎవరును పట్టలేదు. రెండవసారి పదునెనిమిది మంది పట్టిరి గాని, అంతమంది పంచుకొనుటచే ఒక్కొక్కరికి వచ్చినది కొంచెమే. ఇట్టిది జరిగినదని ఎవరును ముందు చెప్పలేదు. జరిగిన తరువాత మాత్రము పట్టికలవారందరు చెప్పిరి.

సరిసంఖ్యలును బేసిసంఖ్యలును

మూడవ బోధ కొంచెము తెలివైనది. గెలిచిన వరుసలను చూడగా వాటిలో తరచుగా సరిసంఖ్యలును బేసిసంఖ్యలును కలిసియున్నవి, అన్నియు సరిసంఖ్యలైన వరుసలు అరుదు. కావున కలిసిన వరుసనే ఎన్నుకొనుడి అని చెప్పుచున్నాడు. చదువుకొనినవారు సహితము ఇక్కడ పడిపోవుదురు.

మన సంఘములో నూరు కుటుంబములున్నవనుకొనుడి. తొంబది తొమ్మిది సేద్యము చేయువారివి, ఒకటి దర్జీవానిది. నూరు పేర్లు చీటీలపై వ్రాసి కుండలో వేసి ఒకటి తీసినయెడల, సాధారణముగా రైతు పేరే వచ్చును. అంతమాత్రముచేత ఫలాని రైతుకు దర్జీకంటె ఎక్కువ అవకాశము కలదా? లేదు. అతనికిని ఒక చీటియే, ఇతనికిని ఒక చీటియే. రైతులు అనేకులు గనుక రైతు వచ్చెను. అట్లే కలిసిన వరుసలు అనేకములు గనుక అవి తరచుగా వచ్చుచున్నవి. నీ చేతిలోని ఒక్క వరుసకు దానివలన కలుగు లాభమేమియు లేదు.

కలలును పాటల సంఖ్యలును

పుస్తకము చివర కలలను గూర్చి ఒక అధ్యాయము కలదు. ఇది క్రొత్తది కాదు. ఇటలీలోని నేపుల్స్ పట్టణమున కలలో కనబడిన ప్రతి వస్తువునకు ఒక అంకె చెప్పు పుస్తకము తరతరములుగా ఉన్నది. చనిపోయినవాడు మాటలాడినట్లు కల వచ్చినయెడల 48 అని దానిలో కలదు. తండ్రి చనిపోయి కలలో కనబడగా, ఆయన ఏమి చెప్పెనని ఆలోచింపక, ఏ అంకె తెచ్చెనని కుమారుడు వెదకును. ఎంత దుఃఖకరము!

మా పాటల సంఖ్యలకు పట్టిన గతియు ఇదే. 117వ పాట ఆ దినమున నేను ఎందుకు ఎన్నుకొంటిని? ఆ వారములో మా సంఘమున ఒక పసిబిడ్డ చనిపోయెను. ఆ తల్లిదండ్రుల ఆదరణకై ఎన్నుకొంటిని. సముద్రమునకు ఆవల ఒకడు దానిని ఒకటి, ఒకటి, ఏడు కూడి తొమ్మిది అని వ్రాసికొనెను. పాట పోయెను, దుఃఖము పోయెను, తొమ్మిది మిగిలెను.

పొరపాటు ఎక్కడ?

వరుసలను వెదకు బుద్ధి చెడ్డది కాదు. చీమలు గ్రుడ్లు మోసికొనిపోవుట చూచి వాన వచ్చునని మన పెద్దలు గ్రహించిరి. మృగశిర కార్తె వచ్చినదని విత్తనములు సిద్ధపరచుచున్నాము. అయితే అక్కడ ఒకదానికి ఒకటి కారణమై నిలిచియున్నది. గాలిలోని తేమ చీమకు తెలియును. ఆ తేమయే వానను తెచ్చును. నిన్న కురిసిన వానకు నేడు నేల తడిసియుండును. లాటరీ పెట్టెలో నిన్నటి బంతి నేటి బంతికి ఏమియు చేయదు. అన్నిటిని మరల వేసి కలుపుదురు. కారణము లేనిచోట వరుసను చూచుట మేఘములో గుఱ్ఱమును చూచుటవంటిది. గుఱ్ఱము కనబడును గాని ఎక్కి పోలేము.

ఈ పుస్తకముమీద నా ముఖ్యమైన నేరారోపణ మాత్రము లెక్క తప్పని కాదు. అది జూదమునకు కష్టార్జితపు బట్టలు తొడిగెను. జూదమాడుటకు సిగ్గుపడు బిడ్డ, లెక్కలు వేయుటకు సిగ్గుపడడు. రాత్రి పండ్రెండు గంటలవరకు మేలుకొని గళ్లు నింపి, నేను శ్రమపడుచున్నానని తలంచెను. శ్రమపడినవానికి కూలి రావలెను గదా! అందుచేత ఓడిన ప్రతిసారి ఆట తప్పనక, తన లెక్క ఇంకను చాలలేదనుకొనెను. ఊరక టికెట్టు కొనినవాడు విసిగి మానవచ్చును. పట్టిక వేసినవాడు మానలేడు.

ఆ నోటు పుస్తకములో నేను మరియొకటి గమనించితిని. ఇరువది డ్రాల అంకెలున్నవి, కూడికలున్నవి, తీసివేతలున్నవి. టికెట్టులకు పెట్టిన సొమ్మును వ్రాయుటకు మాత్రము ఒక్క గడియు లేదు. ఫోనులో అతనితో, “బాబూ, డ్రాకు ఎన్ని టికెట్లు?” అని అడిగితిని. “నాలుగు” అనెను. నాలుగు టికెట్లు, ఒక్కొక్కటి 50 దిర్హములు, ఇరువది డ్రాలు: 4,000 దిర్హములు. మన రూపాయలలో తొంబది వేలు దాటును. అతని చెల్లెలి పెండ్లి ఆ సంవత్సరమే ఆగిపోయెను. ఆ ఒక్క కూడిక అతడు ఎప్పుడును వేయలేదు. ఆ పుస్తకమును వేయుమని చెప్పలేదు.

మన ఊరిలో

దూరదేశపు మాట అని మనము నవ్వకూడదు. మన తెలుగు రాష్ట్రములు రెండును లాటరీలు నడుపకపోయినను, మట్కా చీటీలు వ్రాయువారు పల్లెలవరకు వచ్చియున్నారు. ఆ ఆట న్యూయార్కునుండి బొంబాయికి వచ్చు ప్రత్తి ధరల అంకెలపై పందెముగా మొదలై, 1960 దరిదాపులనుండి కుండలో చీటీలు తీయుటగా మారెను. కుండనుబట్టియే దానికి ఆ పేరు. దానికిని చార్టులు అమ్ముదురు. లాటరీ బంతియైనను అందరి యెదుట పడును. మట్కాలో అంకెను తీయువాడే పందెములు పుచ్చుకొనువాడు. ఏ అంకెమీద తక్కువ సొమ్ము పడినదో వానికి తెలియును. అట్టి చోట వెనుకటి వరుసలను చదువుట వ్యర్థము. మట్కా ఆడుట 1974 నాటి జూద నిషేధ చట్టము ప్రకారము నేరము కూడ.

చీట్లను గూర్చి గ్రంథము

ఒక యౌవనుడు నన్నడిగెను: “అయ్యగారూ, అపొస్తలులు చీట్లు వేయలేదా? సంవత్సరారంభమున మనము వాగ్దానపు చీటీలు తీయుటలేదా?” మంచి ప్రశ్నయే. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో వారు ప్రార్థించి, యోగ్యులైన ఇద్దరిలో ఒకనిని ఏర్పరచుకొనుటకు చీట్లు వేసిరి. సొమ్ము పెట్టలేదు, ఒకని నష్టమువలన మరియొకడు లాభపడలేదు. వెనుకటి చీట్లను లెక్కించి రాబోవుదానిని పట్టజూడలేదు. చీటి మన చేత పడినను నిర్ణయము దేవునిదని సామెతలు 16వ అధ్యాయము బోధించుచున్నది. నిర్ణయము ఆయనదైనప్పుడు దానిని పట్టికలో బంధింపజూచుట ఏపాటి భక్తి?

చీట్లనుబట్టి మంచి దినమును వెదకినవాడు ఒకడున్నాడు, అతడు హామాను. ఎస్తేరు గ్రంథము 3వ అధ్యాయములో నెల తరువాత నెలకు చీట్లు వేయించి ఒక దినమును ఏర్పరచుకొనెను. ఆ దినము అతడు చంపదలచినవారికి విడుదల దినమాయెను. అతడు అంతకుముందే ఉరికొయ్య ఎక్కెను.

వాగ్దానపు చీటీల విషయములో మాత్రము నేను తల వంచుకొనవలెను. వచనము వచ్చినప్పుడు దానిని చదివి లోబడుట మేలు. మంచి చీటి వచ్చువరకు మరల మరల తీయువారిని చూచియు నవ్వి ఊరకుంటిని. చీటిలోనుండి అదృష్టమును తీయుట వారికి నా మౌనమే నేర్పినది కాదా? ఆ తప్పు నాది.

చేయవలసినది

దూరదేశములో బిడ్డలున్న తల్లిదండ్రులారా, సొమ్ము ఎంత పంపితివని మాత్రమే అడుగకుడి, ఎట్లున్నావని అడుగుడి. అప్పు చేసి వెళ్లినవాడు ఇంటికి త్వరగా చేరవలెనని ఇట్టి దారులు వెదకును. తప్పు ఒప్పుకొనినవానిని నలుగురిలో అవమానపరచకుడి. ఇట్టి నోటు పుస్తకము దొరికినయెడల చింపివేయకుడి. అతని యెదుట పెట్టి, లేని ఆ ఒక్క గడిని అతనిచేతనే గీయించి, పెట్టిన సొమ్మును అతనిచేతనే కూడింపుడి. నా మాటలకంటె ఆ కూడిక బాగుగా బోధించును.

మా సంఘపు పెద్దలలో ఒకరు, ఇకమీదట పలకపై పాటల సంఖ్యలు వ్రాయుట మానుదమనిరి. నేను ఒప్పుకొనలేదు. తప్పు పలకది కాదు.

ఆ కుమారుడు ఆట పూర్తిగా మానెనని నేను చెప్పలేను. రెండు నెలలుగా కొనలేదని తల్లితో చెప్పెను. ఆమె నమ్ముచున్నది, నేనును ప్రార్థించుచున్నాను. ఆదివారము మధ్యాహ్నము అతడు ఇప్పటికిని ఫోను చేయును. “ఈవేళ ఏ పాటలు పాడిరమ్మా?” అని అడుగును. ఆమె ఇప్పుడు సంఖ్య చెప్పదు. పాటయే పాడి వినిపించును. రెండవ చరణము వచ్చునప్పటికి అతడును కలిసి పాడునట.